ఊరి ప్లాను గీసేటప్పుడు కళాకారులను ఎందుకు పిలవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మాస్టర్ ప్లాను, చెరువు సుందరీకరణ, కొత్త పార్కు, బస్టాండు ఆధునీకరణ... ఇలాంటి పనుల్లో కళాకారుల మాట వచ్చేది చివర్లోనే. సిమెంటు ఆరాక గోడ మీద బొమ్మ వేయడానికి కబురు పెడతారు. ఆ కబురు మొదట్లోనే వెళ్ళాలని, మొదటి గీత గీయకముందే వాళ్ళు బల్ల దగ్గర కూర్చోవాలని వాదించేవాళ్ళలో నేనూ ఉన్నాను. మున్సిపల్ ఉద్యోగులు, ఆర్కిటెక్టులు, కాలనీ సంఘాల వాళ్ళు, కళాకారులు ఈ విషయంలో మాటిమాటికీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. జర్మనీలోని హాంబుర్గ్ నగరంలో పుట్టిన ఒక పార్కు గురించి ఎక్కువగా రాశాను. కళాకారులు ముందుగా వస్తే ఏం జరుగుతుందో అంత స్పష్టంగా చూపించే ఉదాహరణలు తక్కువ.

ప్లానింగ్‌లో కళాకారులకు పనేముంది? ఇంజనీర్లు, ప్లానర్లు సరిపోరా?

ప్లానర్ చేతిలో మ్యాపు ఉంటుంది. జనాభా ఎంత, రోడ్డు వెడల్పు ఎంత, వాన నీళ్ళు ఎటు పోతాయి అనేవి అందులో దొరుకుతాయి. ఫలానా వేపచెట్టు కింద మధ్యాహ్నం ఆటోవాళ్ళు అన్నం తింటారని, ఫలానా సందులో చీకటి పడ్డాక ఆడపిల్లలు నడవరని, చెరువు కట్ట మీద ఈ మూలనే బతుకమ్మ ఆడతారు తప్ప ఆ మూల ఆడరని మ్యాపులో దొరకదు. ఇవి తెలియాలంటే జనం మధ్య కూర్చోవాలి. నోటితో చెప్పలేనిదాన్ని వాళ్ళ చేత గీయించాలి, మట్టితో చేయించాలి, పాడించాలి. కళాకారులకు ఇది రోజువారీ పని.

ఇంకో సంగతి కూడా ఉంది. ‘ఇక్కడ ప్రహరీ కట్టాలి’ అని ఆర్డరు వస్తే ఇంజనీరు ఎంత ఎత్తు, ఎంత పునాది అని లెక్క వేస్తాడు. ‘అసలు ఇక్కడ ప్రహరీ ఎందుకు?’ అని పై అధికారిని అడగడం ఉద్యోగికి కష్టం. బయటినుంచి వచ్చిన మనిషికి ఆ ఇబ్బంది లేదు. నా దృష్టిలో కళాకారుడు తెచ్చే అసలు లాభం ఈ ప్రశ్నే. అందం తర్వాత వస్తుంది.

ఇలా నిజంగా ఎక్కడైనా జరిగిందా?

జరిగింది. హాంబుర్గ్‌లో సాంక్ట్ పౌలి అనే పేట ఉంది. ఎల్బే నది ఒడ్డున, ఓడరేవును ఆనుకుని ఉన్న ఇరుకైన పాత పేట. 1990ల్లో అక్కడ నది కనిపించేలా మిగిలిన ఖాళీ స్థలాన్ని కట్టడాలకు ఇవ్వాలని నగర ప్రభుత్వం అనుకుంది. పేటవాసులు తమకు పార్కు కావాలన్నారు. ఇంతవరకు ఎక్కడైనా జరిగేదే.

క్రిస్టోఫ్ షేఫర్, కేథీ స్కీన్ అనే కళాకారులు పేటవాళ్ళతో కలిశాక పోరాటం దారి మారింది. కట్టొద్దని ధర్నా చేయడంతో ఆగకుండా, ప్రభుత్వం ప్లాను గీస్తుంటే దానికి పక్కనే జనం తమ ప్లాను తాము గీయడం మొదలుపెట్టారు. ఆ పనికి ‘పార్క్ ఫిక్షన్’ అని పేరు పెట్టుకున్నారు. పార్కు ఇంకా లేదు, కానీ ఉన్నట్టే అక్కడ ఉపన్యాసాలు, ప్రదర్శనలు పెట్టారు. తర్వాత ఆ స్థలంలోనే ఒక కంటైనర్ తెచ్చి దాన్ని ప్లానింగ్ ఆఫీసుగా మార్చారు. అందులో బంకమట్టితో నమూనాలు చేసుకునే బల్ల, తోటల గురించిన పుస్తకాలు ఉండేవి. అర్ధరాత్రి ఆలోచన తట్టినవాళ్ళు చెప్పుకోవడానికి ఒక ఫోన్ లైను కూడా పెట్టారు. ఆఫీసుకు రాలేని వాళ్ళ ఇంటికే తీసుకెళ్ళేలా ఒక పెట్టె తయారుచేశారు. అందులో అప్పటికప్పుడు ఫొటో ఇచ్చే కెమెరా, మాటలు రికార్డు చేసే యంత్రం, మడత విప్పితే ఓడరేవు దృశ్యం మొత్తం కనిపించే బొమ్మ ఉండేవి. ఇంటి గడప దగ్గర కూర్చుని ‘ఇక్కడ మీకేం కావాలి?’ అని అడిగేవాళ్ళు.

జనం చెప్పిన కోరికలు ఏ ప్లానర్ ఫారంలోనూ పట్టేవి కావు. ఉత్తర జర్మనీ చలిలో తాటిచెట్లు కావాలన్నారు. ఎగిరే తివాచీ కావాలన్నారు. 2005లో పార్కు తెరిచేసరికి ఇనుప తాటిచెట్లున్న దిబ్బ, అలలా వంగిన పచ్చిక ‘తివాచీ’, తులిప్ పూల డిజైనుతో ఆటస్థలం నిజంగానే వచ్చాయి. ఇవాళ ఆ తాటిచెట్ల కింద కూర్చుని ఓడలను చూసేవాళ్ళలో చాలామందికి ఈ కథ తెలియకపోవచ్చు. స్థలం మాత్రం అమ్ముడుపోకుండా నిలిచింది.

ఇందులో నన్ను బాగా ఆకట్టుకున్న విషయం ఒకటుంది. నగర సాంస్కృతిక శాఖ బహిరంగ కళకు ఇచ్చే నిధులు ఈ పనికి అందాయి. ఒక శాఖ స్థలాన్ని కట్టడాలకు ఇవ్వాలని చూస్తుంటే, అదే ప్రభుత్వంలోని ఇంకో శాఖ డబ్బుతో జనం తమ ప్లాను గీసుకోగలిగారు.

ఇది ప్రజాభిప్రాయ సేకరణే కదా? మనకూ అభ్యంతరాలు, సూచనల పద్ధతి ఉందిగా?

ఉంది. డ్రాఫ్ట్ మాస్టర్ ప్లాను నోటిఫై చేస్తారు, గడువు పెడతారు, అభ్యంతరాలు రాసి ఇవ్వమంటారు. ఆ మ్యాపులో రంగులు చదవడం వచ్చినవాళ్ళు ఊళ్ళో ఎందరు? తన అర ఎకరం గ్రీన్ జోన్‌లో పడిందా, రోడ్డు వెడల్పులో పోయిందా అని తెలుసుకోవడానికే రైతు ఎవరో ఒకరి కాళ్ళావేళ్ళా పడాలి. వచ్చే అభ్యంతరాలు సహజంగానే ‘నా సర్వే నంబరు వదిలేయండి’ అన్న చోట ఆగిపోతాయి. అది న్యాయమైన అభ్యంతరమే. కానీ ఊరు ఎలా ఉండాలన్న మాట ఆ కాగితంలో రాదు.

తేడా ఇక్కడే ఉంది. ప్రభుత్వ పద్ధతి ఒక జవాబు చూపించి ‘ఒప్పుకుంటారా?’ అంటుంది. హాంబుర్గ్ పేటలో ఇంకా జవాబు లేనప్పుడు అడిగారు. అడిగే తీరు కూడా మనిషిని బట్టి మారింది. రాయడం రానివాళ్ళు మట్టితో చేశారు, బయటికి రాలేనివాళ్ళు ఇంట్లోంచే చెప్పారు.

పార్కులు సరే. చెత్త, డ్రైనేజీ, ఫుట్‌పాత్‌లలో కళాకారులు ఏం చేస్తారు?

నిజానికి మంచి ఉదాహరణలు అక్కడే ఉన్నాయి.

న్యూయార్క్ పారిశుద్ధ్య శాఖలో మీర్లే లేడర్‌మన్ యూకెలెస్ అనే కళాకారిణి 1977 నుంచి ఆస్థాన కళాకారిణి. జీతం లేదు. పిల్లల్ని కన్నాక ఇంటిపనికీ కళకూ మధ్య నలిగిపోయి, కడగడం, తుడవడం, సర్దడం కూడా కళేనని 1969లోనే ఆమె ప్రకటన రాసింది. 1979–80లో నగరంలోని అన్ని పారిశుద్ధ్య డివిజన్లూ తిరిగి 8,500 మంది కార్మికులతో చేయి కలిపి, ‘న్యూయార్క్‌ను బతికిస్తున్నందుకు ధన్యవాదాలు’ అని ఒక్కొక్కరికీ చెప్పింది. 1983లో చెత్త లారీకి అద్దాలు బిగించింది, చూసే జనానికి తమ ముఖమే కనిపించేలా. తర్వాత చెత్తను పడవలకెక్కించే కేంద్రం, ఫ్రెష్ కిల్స్ డంపింగ్ యార్డు వంటి చోట్ల రూపకల్పనలోనూ ఆమెకు భాగం దక్కింది. ముందు మనుషుల దగ్గరికి వెళ్ళి, ఆ తర్వాతే స్థలం దగ్గరికి వచ్చిందని గమనించండి. మన మున్సిపాలిటీల్లో పారిశుద్ధ్య కార్మికులను ఏదైనా ప్లాను విషయంలో సలహా అడిగారా? ప్రతి సందునూ తెల్లవారుజామున చూసేది వాళ్ళే.

అమెరికాలోనే ఫీనిక్స్ నగరం 27వ అవెన్యూలో చెత్త నిర్వహణ కేంద్రం కట్టదలిచి, డిజైన్ బాధ్యతను మైకేల్ సింగర్, లినియా గ్లాట్ అనే కళాకారుల చేతికిచ్చింది. 1993లో అది తెరుచుకుంది. చెత్తను దాచేయకుండా, జనం వచ్చి తమ చెత్త ఎటు పోతోందో నిలబడి చూసేలా కట్టారు.

ఫుట్‌పాత్‌ల సంగతికొస్తే, మినెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ నగరం. మార్కస్ యంగ్ అనే కళాకారుడు 2006లో అక్కడి పబ్లిక్ వర్క్స్ శాఖలో కూర్చుని పనులు చూడటం మొదలుపెట్టాడు. పాడైన ఫుట్‌పాత్ పలకలను నగరం ఏటా సుమారు 10 మైళ్ళ మేర మారుస్తుందని గమనించాడు. ఆ పని ఎలాగూ జరుగుతుంది. తడి కాంక్రీటు మీద అచ్చు ఒత్తితే చాలు కదా అన్నాడు. నగరవాసులనుంచి చిన్న కవితలు పిలిచి, 2008 నుంచి వాటిని ఫుట్‌పాత్‌లో ముద్రిస్తున్నారు. తర్వాత డకోటా, హ్మాంగ్, సోమాలీ, స్పానిష్ భాషల కవితలూ చేరాయి. ఇలాంటి ఆలోచన ప్రారంభోత్సవాల ఫొటోలు చూస్తే రాదు, మరమ్మతుల జాబితా చదివితే వస్తుంది.

ఊరి బయటి కొండలు, క్వారీలు, బంజరు నేల విషయంలో?

బ్రిటన్‌లో 1966లో బార్బరా స్టెవెని, జాన్ లేథమ్, మరికొందరు కలిసి కళాకారులను కంపెనీల్లో, ప్రభుత్వ శాఖల్లో కూర్చోబెట్టే ఒక బృందాన్ని పెట్టారు. ఏం తయారుచేయాలో ముందే చెప్పకూడదన్నది వాళ్ళ షరతు. ఆ ఏర్పాటు కింద లేథమ్ 1975–76లో స్కాటిష్ ప్రభుత్వ శాఖలో కొంతకాలం ఉన్నాడు. ఎడిన్‌బరోకు పడమర, షేల్ రాయినుంచి నూనె తీసిన రోజుల్లో పోగుపడిన ఎర్రటి వ్యర్థాల గుట్టలున్నాయి. వాటిని ఎలా వదిలించుకోవాలన్నది అధికారుల సమస్య. వాటిని కదిలించకండి, వేలమంది కార్మికుల చేతుల మీదుగా తయారైన శిల్పాలుగా చూడండి అని లేథమ్ నివేదిక ఇచ్చాడు. వాటిలో ‘ఫైవ్ సిస్టర్స్’ అనే గుట్టలు తర్వాత రక్షిత స్మారకాల జాబితాకెక్కాయి. అరుదైన మొక్కలు, పక్షులు అక్కడ చేరాయని శాస్త్రవేత్తలూ గుర్తించారు.

‘ఏమీ చేయకండి’ అనే సలహాకు మన దగ్గర బిల్లు పాస్ కావడం కష్టం. కానీ కొన్ని చోట్ల అదే సరైన సలహా. హైదరాబాదు చుట్టూ వందల కోట్ల ఏళ్ళ వయసున్న గ్రానైటు గుట్టలు లేఅవుట్ల కింద పగిలిపోతుంటే ఆ సలహా ఇచ్చే మనిషి ప్లానింగ్ బృందంలో లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇవన్నీ డబ్బున్న దేశాల సంగతులు. మన దేశంలో?

మన పక్కనే, బస్తర్‌లో ఉంది. ముంబైకి చెందిన కళాకారిణి నవజోత్ అల్తాఫ్ 1990ల చివరినుంచి కొండగావ్‌లో రాజ్‌కుమార్, శాంతిబాయి, గెస్సురామ్ అనే స్థానిక కళాకారులతో కలిసి పనిచేసింది. వాళ్ళు పట్టించుకున్నది చేతి పంపును, మనం బోరింగు అంటామే దాన్ని. ప్రభుత్వం పంపు దించి వెళ్ళిపోతే చుట్టూ బురద, ఒలికిన నీరు పోయే దారి ఉండదు. నిండు బిందెను నేలమీదనుంచి ఒక్క ఊపున నెత్తికెత్తుకోవడం ఆడవాళ్ళకు నడుము విరిగే పని. ఆడవాళ్ళతో కూర్చుని మాట్లాడి, పంపు చుట్టూ చప్టా కట్టి, నీళ్ళు పోవడానికి కాలవ పెట్టి, బిందెను మధ్యలో ఒకసారి ఆనించుకోవడానికి వీలుగా మెట్టు కట్టారు. చుట్టూ గోడకు ఆ ప్రాంతపు ఆదివాసీ గుర్తులు చెక్కారు. ఆడవాళ్ళు, పిల్లలు నలుగురూ కలిసే చోటు కూడా అదే అయింది. వీటిని ‘నల్‌పార్’ అంటారు. పిల్లల కోసం ‘పిల్లా గుడి’ అనే కట్టడాలు కూడా వచ్చాయి.

ఈ ఉదాహరణను నేను హాంబుర్గ్ కంటే కూడా ఎక్కువగా ఇష్టపడతాను. ఇక్కడ అందం, ఉపయోగం వేరు చేయలేం. బిందె ఆనించే మెట్టు ఎత్తు ఎంత ఉండాలో కొలిచింది ఆ బిందె మోసే మనిషి ఒంటిని బట్టి.

చండీగఢ్‌లో నేక్‌చంద్ కథ చాలామందికి తెలుసు. ప్రజాపనుల శాఖలో రోడ్ల ఇన్‌స్పెక్టరు. కొత్త నగరం కోసం ఖాళీ చేయించిన పల్లెల శిథిలాలు, పగిలిన గాజులు, టైల్సు ఏరి, 1957నుంచి ప్రభుత్వ అటవీ భూమిలో రహస్యంగా తోట కట్టాడు. 1970ల్లో బయటపడింది. చట్టప్రకారం కూల్చేయాలి. కూల్చకుండా 1976లో జనానికి తెరిచి, ఆయనకు జీతం, పనివాళ్ళను ఇచ్చారు. పెద్ద పెద్ద ప్లానర్లు గీసిన నగరంలో జనం ఎగబడి చూసేది ప్లానులో లేని ఆ రాక్ గార్డెన్‌ను.

మన ఊళ్ళలో ఫ్లైఓవర్ స్తంభాల మీద, గోడల మీద బొమ్మలు వేయిస్తున్నారు కదా. అది చాలదా?

బొమ్మలు మంచివే. హైదరాబాదులో ఖైరతాబాద్ దగ్గర ఎంఎస్ మక్తాలో స్టార్ట్ ఇండియా సంస్థ 2016నుంచి ఇళ్ళ గోడల మీద వేయించిన పెద్ద చిత్రాల వల్ల, ఎప్పుడూ ఆ వైపు తొంగిచూడని జనం ఆ బస్తీకి వచ్చారు. బస్తీ పిల్లలకు తమ సందు పేరు చెప్పుకోవడంలో గర్వం వచ్చిందంటే అది చిన్న విషయం కాదు.

కానీ అది రంగు వేసే పని, ప్లాను వేసే పని కాదు. అదే బస్తీలో వాన పడితే నీళ్ళు ఎక్కడ నిలుస్తాయి, నీటి ట్యాంకర్ ఎక్కడ ఆగాలి, పిల్లలు ఎక్కడ ఆడుకోవాలి అన్న నిర్ణయాల్లో ఆ చిత్రకారులను కూర్చోబెడితే అప్పుడు మనం మాట్లాడుకుంటున్న విషయంలోకి వచ్చినట్టు. పుష్కరాలకో, స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకుకో హడావుడిగా వేయించే బొమ్మలకు చదరపు అడుగుకు ఇంత అని లెక్కకట్టి, ఏడాది తిరగకుండా పోస్టర్లతో కప్పేయడం కళాకారులకు మర్యాద కాదు.

అమరావతికి రాజమౌళిని పిలిచారు కదా?

అవును. 2017లో నార్మన్ ఫోస్టర్ సంస్థ గీసిన డిజైన్ల మీద సలహా కోసం ప్రభుత్వం ఆయనను అడిగింది. ఆయన లండన్ వెళ్ళి ఆర్కిటెక్టులతో మాట్లాడారు. అసెంబ్లీ హాల్లో తెలుగుతల్లి విగ్రహం మీద సూర్యకిరణాలు పడేలా ఒక ఆలోచన ఇచ్చారు. ఒక దర్శకుడు వెలుగు గురించి ఆలోచించడం సహజం, ఆలోచన కూడా బాగుంది.

నా బాధంతా పిలిచిన సమయం గురించి. అప్పటికే 29 గ్రామాల పొలాలు పూలింగ్‌లోకి వచ్చాయి, మాస్టర్ ప్లాను తయారైంది. కళాకారుడికి మిగిలింది భవనాల ఆకారం. 2014లోనే ఆ గ్రామాల్లోకి నాటక కళాకారులు, ఫొటోగ్రాఫర్లు, పాటగాళ్ళు వెళ్ళి ఉంటే? ఏ చేనుకు ఏ పేరుంది, జాతర రోజు అమ్మవారు ఏ దారిన ఊరేగుతుంది, ఏ చెట్టు కింద పంచాయితీ పెట్టుకుంటారు అని నమోదు చేసి ప్లానర్ల ముందు పెట్టి ఉంటే, కొన్ని రోడ్ల గీతలైనా వేరే చోట పడేవని నేను నమ్ముతాను.

కళాకారులంటే చిత్రకారులు, శిల్పులేనా?

కానే కాదు. మన దగ్గర ఈ పనికి పనికొచ్చే కళలు కావలసినన్ని ఉన్నాయి. ఒగ్గుకథ, బుర్రకథ చెప్పేవాళ్ళకు ఊరందరినీ ఒకచోట కూర్చోబెట్టి కథ మధ్యలో ప్రశ్న వేయడం తెలుసు. చేర్యాల నకాషీ చిత్రకారులు ఒక కులం పుట్టుపూర్వోత్తరాలను పొడవాటి పటంలో వరుసగా చూపిస్తారు. ఒక చెరువు చరిత్రను అలా గీసి వార్డు సభలో విప్పితే, రంగుల మ్యాపు అర్థంకాని మనిషి కూడా ‘మా తాత కాలంలో మత్తడి ఇటు లేదు’ అని లేచి చెప్తాడు. తోలుబొమ్మల వాళ్ళు, వీధి నాటకం వాళ్ళు, శబ్దాలు రికార్డు చేసేవాళ్ళు, కవులు, అందరూ వస్తారు.

చెరువు విషయం వచ్చింది కాబట్టి ఒక మాట. సుందరీకరణ అనగానే కట్ట చుట్టూ రెయిలింగు, వాకింగ్ ట్రాక్, ఫౌంటెను, ‘ఐ లవ్’ అని ఊరి పేరుతో పెద్ద అక్షరాల బోర్డు. ప్రతి ఊళ్ళో ఇదే. బతుకమ్మను నీళ్ళలో వదిలే ఆడవాళ్ళకు రెయిలింగు అడ్డం. చాకలి రేవు పోతుంది, చేపలు పట్టేవాళ్ళ దారి మూసుకుపోతుంది. ఆ రేవు, ఆ దారి, ఆ మెట్లు ఎక్కడ ఉండాలో బతుకమ్మ పాటలు కట్టే ఆడవాళ్ళను, ముగ్గులేసే వాళ్ళను ముందు అడగండి. వాళ్ళూ కళాకారులే. ముగ్గు వేసే మనిషికి స్థలాన్ని చుక్కలుగా విడగొట్టి కలపడం ఎవరూ నేర్పక్కర్లేదు.

డబ్బు ఎక్కడినుంచి వస్తుంది?

ఫ్రాన్స్ 1951లో విద్యాసంస్థల భవనాల ఖర్చులో 1 శాతం కళకు కేటాయించే నియమం తెచ్చింది. అమెరికాలో ఫిలడెల్ఫియా 1959లో, సియాటిల్ 1973లో ఇలాంటి పద్ధతి పెట్టాయి. మన దేశంలో దీన్ని అన్ని ప్రాజెక్టులకూ తప్పనిసరి చేసే కేంద్ర చట్టం లేదు. 1950ల్లో నెహ్రూ సూచనతో పెద్ద ప్రభుత్వ భవనాల్లో కళాకారులకు పని ఇచ్చే ఆలోచన సాగింది. ఢిల్లీ రిజర్వు బ్యాంకు ముందున్న రామ్‌కింకర్ బైజ్ యక్ష, యక్షిణి విగ్రహాలు ఆ కాలపు ఫలితం.

శాతం పద్ధతిలో ఒక లోపం ఉంది. డబ్బు కట్టడంతో ముడిపడి ఉంటుంది కాబట్టి, చివరికి వస్తువు కనిపించాలని ఒత్తిడి వస్తుంది. మన దగ్గర అసలు చిక్కు ఇంకా మొదట్లోనే ఉంది. ఎస్టిమేట్లు ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వం ఖరారు చేసే ప్రామాణిక ధరల పట్టిక) రేట్ల మీద వేస్తారు. ఘనపు మీటరు కాంక్రీటుకు అందులో రేటు ఉంది, కిలో ఇనుముకు ఉంది. బస్తీలో మూడు నెలలు తిరిగి జనం మాట వినడానికి రేటు లేదు. టెండరు పిలిస్తే తక్కువ కోట్ చేసినవాడికే పని.

దీనికి ఇప్పుడున్న నియమాల్లోనే ఒక దారి ఉంది. పని టెండరులో కాకుండా, డీపీఆర్ (ప్రాజెక్టు సమగ్ర నివేదిక) తయారుచేసే కన్సల్టెన్సీని ఎంచుకునే దశలో కళాకారుడిని చేర్చండి. కన్సల్టెన్సీ ఎంపికలో ధరతో పాటు నాణ్యతకు మార్కులిచ్చే పద్ధతికి నిబంధనలు ఒప్పుకుంటాయి. బృందంలో ట్రాఫిక్ నిపుణుడు, పర్యావరణ నిపుణుడు ఉండాలని రాసినట్టే, కళాకారుడు ఉండాలని, ఫీజు వేరే పద్దులో చూపాలని రాయవచ్చు. ‘మీకు పేరొస్తుంది కదా’ అని ఉచితంగా చేయించుకోవద్దు. యూకెలెస్ జీతం లేకుండా చేసిందంటే అది ఆమె ఎంపిక, మనం అనుసరించాల్సిన నియమం కాదు.

మున్సిపాలిటీకి ఈ అధికారం ఉందా?

ఉంది. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలులో 18 అంశాలున్నాయి. మొదటిది పట్టణ ప్రణాళిక. పదమూడోది సాంస్కృతిక, విద్యా, సౌందర్య అంశాల ప్రోత్సాహం. ఒకే జాబితాలో ఉన్న ఈ రెంటినీ కలిపి చూడటం మన అలవాటులో లేదు, అంతే.

ఇంజనీర్లు ఒప్పుకుంటారా?

మొదట్లో గొడవలుంటాయి. 1970ల చివర్లో సియాటిల్ విద్యుత్ సంస్థ ఒక సబ్‌స్టేషన్ డిజైను బృందంలో ముగ్గురు కళాకారులను చేర్చినప్పుడు అలాంటి పని ఎలా చేయాలో చూపించే నమూనా వాళ్ళ ముందు దాదాపు ఏమీ లేదు. గొడవ తగ్గాలంటే ఎవరి మాట ఎక్కడ చెల్లుతుందో ముందే రాసుకోవాలి. భద్రత, బరువు, నీటి వాలు విషయంలో ఇంజనీరుదే చివరి మాట. ఆ స్థలం ఎవరి కోసం, అక్కడ ఏం జరగాలి అన్న విషయంలో కళాకారుడి నోటుకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. ‘వద్దు’ అన్నా సరే, ఎందుకు వద్దో ఫైలులో ఉండాలి.

కళాకారుడు తన ఇష్టాన్ని జనం మీద రుద్దితే?

రుద్దిన సందర్భాలున్నాయి. న్యూయార్క్‌లో ఒక ఫెడరల్ ఆఫీసుల ఆవరణలో 1981లో రిచర్డ్ సెరా 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తు ఉక్కు గోడ నిలబెట్టాడు. ఆవరణ రెండు ముక్కలైంది. రోజూ అటుగా నడిచే ఉద్యోగులు మొరపెట్టుకున్నారు, 1985లో బహిరంగ విచారణ జరిగింది, కోర్టు కేసులయ్యాయి, 1989లో తీసేశారు. సెరా గొప్ప శిల్పి అనడంలో నాకు సందేహం లేదు. ఆ ఆవరణలో మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరుచుకుని కూర్చునే గుమాస్తా మాటకూ అంత విలువ ఉంది. ఇద్దరినీ ముందే ఎదురెదురుగా కూర్చోబెట్టి ఉండాల్సింది. పేరును బట్టి కాకుండా, జనంతో పనిచేసిన అనుభవాన్ని బట్టి కళాకారుడిని ఎంచుకోవాలని ఇందుకే అంటున్నాను.

కళాకారులు వస్తే పేట బాగుపడి అద్దెలు పెరుగుతాయి, పేదవాళ్ళు వెళ్ళిపోతారు అంటారు. నిజమేనా?

ఆ భయం నిజం. సాంక్ట్ పౌలి కూడా తప్పించుకోలేదు. పార్కు వచ్చిన తర్వాతి కాలంలో అక్కడ ఇళ్ళ ధరల ఒత్తిడి పెరిగింది. హాంబుర్గ్ కళాకారులే 2009లో ‘మా పేరు చెప్పి నగరాన్ని అమ్ముకోవద్దు’ అంటూ ప్రకటన విడుదల చేశారు. అదే ఏడాది గెంగెఫియర్టెల్ అనే పాత వాడలో ఇళ్ళను కళాకారులు ఆక్రమించారు, చివరికి నగరం ఆ భవనాలను పెట్టుబడిదారు నుంచి వెనక్కి కొన్నది.

2014లో సాంక్ట్ పౌలిలో ఎస్సో ఇళ్ళు అనే సముదాయాన్ని కూల్చాక, ఆ స్థలంలో ఏం కట్టాలో జనాన్ని అడిగే పనిని ‘ప్లాన్‌బూడే’ అనే బృందానికి అప్పగించారు. షేఫర్ అందులోనూ ఉన్నాడు. సుమారు 2,300 అభిప్రాయాలు వచ్చాయి. తక్కువ అద్దె ఇళ్ళు, చిన్న దుకాణాలు కావాలని షరతులు రాశారు. కానీ ఏళ్ళు గడిచినా అక్కడ భవనం లేవలేదు. భూమి ప్రైవేటు పెట్టుబడి చేతిలో ఉంటే ఎంత మంచి ప్లాను గీసినా అది కాగితం మీద ఆగిపోవచ్చు. కళాకారులు ఆ అధికారాన్ని భర్తీ చేయలేరు. అద్దెలకు రక్షణ, పట్టాలు, భూమి మీద హక్కు అనేవి ప్రభుత్వం చేయాల్సిన పనులు. బస్తీకి పట్టాలు రాకముందే ‘ఆర్ట్ డిస్ట్రిక్ట్’ అని బోర్డు పెట్టే ప్రతిపాదన వస్తే నేనైతే వద్దంటాను.

రేపు అధికారి మారి, ఆ పనిని కూల్చేస్తే?

మన కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ కళాకారుడికి తన పని మీద నైతిక హక్కు ఇస్తుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన కాంస్య కుడ్యశిల్పాన్ని 1979లో పీకేసి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకెళ్ళాడు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు ఆయనకు తిరిగి ఇవ్వాలని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది. పాతికేళ్ళు పట్టింది. అందుకే నిర్వహణ ఎవరిది, మార్చాలంటే ఎవరిని అడగాలి, తీసేయాలంటే ఎన్నాళ్ళ ముందు నోటీసివ్వాలి అన్నవి ఒప్పందంలో మొదటే రాయించుకోండి.

చిన్న మున్సిపాలిటీ ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్త పథకం వద్దు. వచ్చే ఏడాది ఎలాగూ చేయబోయే పనుల జాబితా తీయండి. ఒక చెరువో, కూరగాయల మార్కెట్టో, శ్మశానవాటికో ఒక్కటి ఎంచుకోండి. ఎస్టిమేట్ వేయడానికి నాలుగైదు నెలల ముందు ఒక కళాకారిణినో, ఇద్దరు ముగ్గురి బృందాన్నో నియమించండి. ఆఫీసులో ఒక కుర్చీ, ఫైళ్ళు చూసే అనుమతి, టౌన్ ప్లానింగ్ విభాగంలో మాట్లాడటానికి ఒక మనిషి, నెలవారీ ఫీజు ఇవ్వండి. ఏం తయారుచేయాలో చెప్పకండి. చివర్లో వాళ్ళు విన్నదాన్ని బొమ్మగానో, నాటకంగానో, రికార్డుగానో వార్డు సభలో జనం ముందు, ఇంజనీరు ముందు పెట్టించండి. డ్రాయింగు పని ఆ సభ తర్వాతే మొదలవ్వాలి.

నేను కళాకారిణిని. నేనెవరిని కలవాలి?

కమిషనర్‌ను కాదు, ముందు అసిస్టెంట్ ఇంజనీరును, వార్డు శానిటరీ ఇన్‌స్పెక్టరును కలవండి. ఏ పనికి ఎస్టిమేట్ తయారవుతోందో వాళ్ళకే ముందు తెలుస్తుంది. మాస్టర్ ప్లాను డ్రాఫ్టు నోటీసు కోసం మున్సిపల్ ఆఫీసు బోర్డును, దినపత్రికల్లో ప్రకటనలను చూస్తూ ఉండండి. గడువులోగా మీ పేటవాళ్ళతో కలిసి గీసిన బొమ్మలను, రాసిన మాటలను అభ్యంతరాల కింద దాఖలు చేయవచ్చు. కాగితానికి రసీదు తీసుకోండి, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి.